దక్షిణం చూసిన ప్యానెళ్లు

కరెంటు ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. కాఫీ తాగి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఒకటి చెప్పండి" అని అడుగుతారు. గాలివానలో స్తంభం ఎక్కిన కథో, షాకు కొట్టినా బతికి బయటపడ్డ కథో చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివీ నా దగ్గర ఉన్నాయి. వాటిలో సగం నిజం కూడా. కానీ నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. రూలు పుస్తకం కంఠతా వచ్చిన ఒక మనిషి ఒకే వీధిలో కొన్ని నెలలపాటు ఎలా వెర్రివాడయ్యాడో చెబుతాను. ఆ మనిషిని నేనే.

ముందు నా చదువు సంగతి చెప్పనివ్వండి. అది చెప్పకుండా నేను ఏ కథా మొదలుపెట్టలేనని మా ఇంటావిడ అంటుంది, నిజమే. పదో తరగతితో ఆగిపోయాను, అదీ తమిళంలో. తమిళ ఊళ్లో స్థిరపడ్డ మా ఇంట్లో తెలుగు మాట ఉండేది గానీ అక్షరం ఉండేది కాదు. పీలమేడు లైబ్రరీలో వెనక గదిలో ఒక తెలుగు బీరువా ఉండేది. దాని తాళంచెవి ఎక్కడుందో లైబ్రేరియనుకే తెలియదు. ఇరవై నాలుగో ఏట ఆయన చేత ఆ చెవి వెతికించి, పిల్లల వాచకంతో అక్షరాలు దిద్దుకుని, ఆరేళ్లలో ఆ బీరువా ఖాళీ చేశాను. తర్వాత డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషులో పడ్డాను. పురాణం, ఖగోళం, చట్టం, ఏది దొరికితే అది చదివాను. కరెంటు రూళ్లు కూడా అలాగే చదివాను. మా ఆఫీసులో ఆ పుస్తకం మీద ఇంజనీర్లు కాఫీ గ్లాసు పెట్టేవాళ్లు. నేను గ్లాసు పక్కకు జరిపి చదివేవాణ్ణి.

హెల్పరుగా చేరి లైన్ ఇన్‌స్పెక్టరునయ్యాను. ఇంత చదివినా జనానికి నేను ఒక్క పనితోనే గుర్తు. కారమడై దారిలో మా తెలుగువాళ్ల వీధి ఒకటి ఉంది. అక్కడ నా బండి చప్పుడు వినపడితే చాలు, పిల్లలు "ఫ్యూజు పీకే మామ వచ్చినాడు!" అని అరుస్తూ ఇళ్లలోకి పరుగెత్తేవాళ్లు. ఆడవాళ్లు బిల్లు కట్టిన రసీదు చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాళ్లు. ముప్పై ఏళ్లు ఇదే స్వాగతం. రిటైరయ్యేలోపల ఒక్కసారైనా ఆ వీధికి ఏదన్నా ఇచ్చి పోవాలని నాకు పట్టుదలగా ఉండేది.

ఇంకో ఏడాదిలో రిటైరవుతాననగా ఆ అవకాశం వచ్చింది. మిద్దె మీద సోలార్ పెట్టుకునే ఇళ్లకు కేంద్ర ప్రభుత్వం ఖర్చులో కొంత తానే ఇస్తుంది. మిగిలినదానికి బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. పగలు ఇంట్లో వాడగా మిగిలిన కరెంటు మా లైనులోకి వస్తుంది, రాత్రి ఆ ఇల్లు మా దగ్గర తీసుకుంటుంది. రెంటికీ ఉన్న తేడాకే బిల్లు. దీనికి పోయేదీ వచ్చేదీ విడివిడిగా లెక్కపెట్టే మీటరు కావాలి. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

మా సెక్షన్ ఇంజనీరు చిన్నమ్మాయి. తమిళమే గానీ తెలుగు రాదు. నన్ను పిలిచి, "మీ వాళ్ల వీధి ఒకటుంది కదా సార్, అక్కడ ఒక్క ఇల్లు చేయించండి. మిగతావి వాటంతట అవే వస్తాయి" అంది. ఆ ఒక్క ఇల్లు ఏదో నాకు వెంటనే తెలిసింది.

ఆ వీధిలో అందరికీ పెద్దమ్మ అయిన ఒకావిడ ఉండేది. డెబ్బై ఏళ్లుంటాయి. ఆవిడ ఇంట్లో గ్రైండరు కొంటే నెలలోపల వీధంతా కొనేది. ఆవిడ ఒక పాలవాణ్ణి మాన్పిస్తే వాడు ఊరు మార్చుకోవలసిందే. నేను మా వైర్‌మన్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. అతను పోదనూరు రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగు క్రైస్తవుడు, నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. అతను చదివేది పేపర్లో సినిమా పేజీ ఒక్కటే. ఆ విషయంలో అతనంటే నాకు జాలి.

"ఎవురది? ఫ్యూజు పీకే తంబియా? మేము బిల్లు కట్టేసినామే!"

"పీకేదానికి రాలేదు పెద్దమ్మా. ఇచ్చేదానికి వచ్చినా."

"మీ ఆఫీసోళ్లు సుమ్మా, ఊరికే ఏదన్నా ఇస్తారా? సరి, కూచో. కాఫీ తాగి చెప్పు."

అరగంట చెప్పాను. సబ్సిడీ, అప్పు, మీటరు, సూర్యుడు అన్నీ చెప్పాను. బాగానే వింది. చివర ఒక్క ప్రశ్న అడిగింది.

"ఏ దిక్కు చూస్తాదది?"

"దక్షిణం పెద్దమ్మా. మన ఊర్లో ఏడాది పొడుగునా ఎండ బాగా పడేది ఆ వైపే."

ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది. "వద్దు."

"ఏంటికి?"

"దక్షిణం చూసి దీపం పెట్టరు. నీకు తెలీదా? లైబ్రరీ, లైబ్రరీ అంటావే!"

తిరిగి వచ్చేటప్పుడు బండి వెనక కూచున్న వైర్‌మన్ అడిగాడు. "అణ్ణా, ఆ మిద్దె మీద నించి దక్షిణం పక్క ఏముండాదో చూసినారా?"

"ఏముంది? ఇంకో మిద్దె."

"ఆమా. ఇంకో మిద్దే దా" అని నవ్వాడు. నేను ఎందుకని అడగలేదు. ఏ పురాణం ఎక్కడ దొరుకుతుందో ఆలోచిస్తున్నాను.

వారం రోజులు లైబ్రరీలో కూచుని సిద్ధమై రెండోసారి వెళ్లాను. దక్షిణామూర్తి గురించి నలభై నిమిషాలు చెప్పాను. జ్ఞానమిచ్చే స్వామే దక్షిణం చూస్తూ కూచుంటే వెలుగునిచ్చే ప్యానెలు కూచుంటే తప్పేమిటన్నాను. నా జీవితంలో అంత బాగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ ఆకుకూర గిల్లుతూ మొత్తం విని, "ఆయనకేం తంబీ! చెట్టు కింద కూచున్న సామి. ఆయనకు మరిదా, తోడికోడలా, పక్కిల్లా?" అంది.

నేను దాన్ని వేదాంత చర్చ అనుకున్నాను. సన్న్యాసానికీ సంసారానికీ ఉన్న తేడా ఎత్తి చూపించిందని మెచ్చుకుని, ఇంటికొచ్చి జవాబు రాసుకున్నాను.

మూడోసారి సూర్యుడి గమనం బొమ్మ గీసుకుని వెళ్లాను. బొమ్మ సగం విప్పానో లేదో, మెట్ల మీద కూచున్న వైర్‌మన్ ఆవులించి అన్నాడు. "పోనీండి అణ్ణా. పెద్దమ్మకి ఇష్టం లేకపోతే విడిచేయండి. ఆ పక్కింటామె, మాకు పెడతారా అని అడుగుతా ఉండారు. మొదట అక్కడే పెట్టేద్దాం."

పెద్దమ్మ చేతిలో ఆకుకూర ఆగిపోయింది. "ఎప్పుడు అడిగింది?"

"మొన్న."

"ఫారం యాడుండాది తంబీ? ఎక్కడ సంతకం పెట్టాల?"

నేను బొమ్మ చుట్టేసి, చదువు ఎప్పటికీ వృథా పోదని వైర్‌మన్‌కు బండి మీద దారి పొడుగునా చెప్పాను. అతను ఎంతో వినయంగా విన్నాడు.

ప్యానెళ్లు బిగించిన రోజు వీధంతా మిద్దె ఎక్కింది. ఆరు ప్యానెళ్లకూ పసుపు కుంకుమ పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. ఆ ఉత్సాహంలో నేను మిద్దె మీద నిలబడి అందరి ముందూ ఒక మాట అనేశాను. "వచ్చే బిల్లు చూడండి. సగానికి సగం తగ్గకపోతే ఈ వీధిలో మళ్లీ కాలు పెట్టను!" పది ఇళ్లవాళ్లు అక్కడికక్కడే ఫారాలు తీసుకున్నారు.

ఇబ్బంది ఒక్కటే. రెండువైపులా లెక్కపెట్టే మీటరు మా స్టోరులో లేదు. అది వచ్చేదాకా ప్యానెళ్లు ఆన్ చేయకూడదు. ఆ రూలు ఏ పేజీలో ఉందో, ఆ పేజీ మీద కాఫీ మరక ఏ మూల ఉందో కూడా నాకు తెలుసు. "మీటరు వచ్చినాక వేస్తాం పెద్దమ్మా" అన్నాను.

"ఏం తంబీ, పెండ్లికొడుకుని పీటల మీద కూచోబెట్టి, తాళి ఇంకా చేయించలేదు, వచ్చేదాకా కాచుకో అంటావా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు తట్టుకోలేక స్విచ్ వేసేశాను. పిల్లలూ, ఉద్యోగంలో తప్పు తెలియక చేసేవాణ్ణి క్షమించవచ్చు. నేను పేజీ నంబరు తెలిసి చేశాను.

బిల్లు వచ్చింది. సగం తగ్గలేదు సరికదా, ఆ ఇంటికి ఎన్నడూ రానంత వచ్చింది. చూడగానే నాకు అర్థమైంది. పాత మీటరుకు దిక్కు తెలియదు. లోపలికి పోయేవాళ్లనూ బయటికొచ్చేవాళ్లనూ కలిపి లెక్కపెట్టే వాచ్‌మన్ లాంటిది. ఇంట్లోంచి లైనులోకి పోయిన కరెంటును కూడా ఇల్లు వాడుకున్నట్టే రాసేసింది.

అప్పుడే దక్షిణం వైపు మిద్దె గురించి నాకు సరిగా తెలిసింది. అది పెద్దమ్మ తోడికోడలి ఇల్లు. అన్నదమ్ములు వేరుపడి ఇరవై ఏళ్లయింది. ఆ పంపకంలో అత్తగారి రుబ్బురోలు చిన్నకోడలికి పోయింది. ఆనాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. మాటల్లేవంటే మాట్లాడరని కాదు. ఈవిడ తులసమ్మతో మాట్లాడుతుంది, ఆవిడ కాకులతో మాట్లాడుతుంది, ఎవరికి తగలవలసినవి వాళ్లకు తగులుతాయి. బిల్లు వచ్చిన పూట ఆవిడ మిద్దె ఎక్కి కాకులకు అన్నం పెడుతోంది.

"రా కాకీ, రా! మన ఇంట్లో సూర్యుడు లేడు, బిల్లు కొంచమే వస్తాది. కొందరింట్లో ఆయన బాడుగకుండాడు. ఆయన వాడుకునేదానికి గూడా వాళ్లే కట్టాల!"

వీధంతా విన్నది. పది ఫారాల్లో తొమ్మిది సాయంత్రానికల్లా నా చేతికి తిరిగి వచ్చాయి. పదోది ఒకాయన పొట్లం కట్టడానికి వాడేశాడు.

పెద్దమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "రేపు మధ్యాన్నం లోపల ఇదేందో చూపించు తంబీ. లేకపోతే అన్నీ దించేస్తా. నీ మాట నమ్మి నేను మొదట పెట్టినా" అంది. ఆవిడ దించితే ఆ వీధిలో ఇక ఎవరూ పెట్టరు. నేనూ అన్నమాట ప్రకారం ఆ వీధిలో కాలు పెట్టకూడదు. అంటే ముప్పై ఏళ్ల తర్వాత కూడా నేను ఫ్యూజు పీకే మామగానే రిటైరవుతాను.

ఇంజనీరమ్మాయి నమ్మలేదు. "ఏసీ ఎక్కువ వాడి ఉంటారు సార్. మన మీటరు తప్పు చూపించదు" అంది. వచ్చి కళ్లారా చూడమన్నాను. మరునాడు మిట్టమధ్యాహ్నం ఆవిడా, నేనూ, వైర్‌మనూ, సగం వీధీ పెద్దమ్మ వాకిట్లో మీటరు ముందు నిలబడ్డాం.

ఇంట్లో ఒక్కొక్కటీ ఆపించాను. ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, దేవుడి గదిలో చిన్న బల్బు, అన్నీ. మెయిన్ మాత్రం ముట్టుకోలేదు. అది ఆపితే పైన ప్యానెళ్లు కూడా పడుకుంటాయి. ఇల్లు చప్పుడు లేకుండా అయింది. మీటరు మీద ఎర్ర లైటు మాత్రం గబగబా మినుకుతోంది. కాసేపటికి అంకె మారింది.

"చూడండి మేడం! ఇంట్లో ఏమీ లేదు. అయినా ఎక్కుతోంది."

"అయ్యో, ఎన్న సార్ ఇదు!" అని ఇంజనీరమ్మాయి మీటరు మీదికి వంగింది.

నేను గెలిచాను. నోరు మూసుకోవలసిన చోటు అదే. కానీ పెద్దమ్మ అడిగింది. "ఎవురూ వాడకుండా ఎట్ల ఎక్కుతాది? నాకు భయంగా ఉండాది తంబీ. ఆ దిక్కాయన ఏమన్నా వాడతా ఉండాడా?"

"యముడు కాదు పెద్దమ్మా!" అని నవ్వి, నా విజ్ఞానమంతా ఒలకబోశాను. "మీ ప్యానెళ్లు చేసే కరెంటు మీరు వాడకపోతే లైనులోకి పోతుంది. అది దూరం పోదు. అదే స్తంభం మీద దగ్గర్లో ఎవరు వాడుతుంటే వాళ్ల ఇంటికి పోతుంది."

"దగ్గర్లో అంటే?"

వైర్‌మన్ నా చొక్కా లాగాడు. నేను చెయ్యి విదిలించుకున్నాను. "ఇదిగో, పక్కింటికే!"

అందరి తలలూ దక్షిణానికి తిరిగాయి. గోడ అవతలనుంచి స్పష్టంగా వినపడింది. తోడికోడలి ఇంట్లో ఇడ్లీపిండి గ్రైండరు గరగరమని తిరుగుతోంది.

పెద్దమ్మ మొహం చూశాను. దక్షిణం చూసి దీపం పెట్టరన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. ఆవిడ బాధ యముడి గురించి కాదు. తన ఇంటి వెలుగు ఆ ఇంటి వైపు తిరిగి ఉండకూడదు, అంతే. దక్షిణామూర్తీ, సూర్య గమనమూ, నేను పడ్డ పాట్లూ అన్నీ ఆ గోడ ముందు కూలబడ్డాయి. వీధిలో చిన్నపిల్లలతో సహా నాకు తప్ప అందరికీ తెలుసు.

"నా కరెంటా?" అంది పెద్దమ్మ. "రోలు తీసుకుంది. ఇప్పుడు కరెంటూనా?" అని మిద్దె మెట్ల కింద ఉన్న సోలార్ స్విచ్ వైపు నడిచింది. డెబ్బై ఏళ్ల మనిషి అంత వేగంగా నడవడం నేను చూడలేదు.

నేను చదివిన పుస్తకాల్లో ఒక్కటి కూడా ఆ క్షణంలో గుర్తు రాలేదు. వచ్చిన మాట ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు. బహుశా ముప్పై ఏళ్లు గేట్ల దగ్గర నిలబడి విన్న మాటల్లోంచి వచ్చి ఉంటుంది.

"ఆపేస్తే ఆపేయండి పెద్దమ్మా. అప్పుడామె గవర్నమెంటు కరెంటుతో రుబ్బుకుంటుంది. ఇప్పుడు రుబ్బేది మీ కరెంటుతో."

స్విచ్ మీద చెయ్యి ఆగింది.

"ఈ నిమిషం ఆ గ్రైండరు తిరిగేది నా కరెంటుతోనా?"

"అంతా మీదే."

"రేపు ఆమింట్లో తినే ఇడ్లీ?"

"అదీ మీ కరెంటే."

"ఆమెకి తెలుసా?"

"తెలీదు."

ఆవిడ చెయ్యి దించింది. కొంగు సర్దుకుంది. నింపాదిగా నడిచి తులసికోట దగ్గరికి పోయి, దక్షిణం గోడకు బాగా వినపడేలా అంది. "ఏ తులసమ్మా! బాగా మెత్తగా రుబ్బుకోమని చెప్పు. కరెంటు మనదే దా. మనకేం కొరతలే!"

గోడ అవతల గ్రైండరు ఠక్కున ఆగిపోయింది.

వీధిలో మొదట ఎవరు నవ్వారో తెలియదు గానీ చివర నవ్వింది ఇంజనీరమ్మాయి. వైర్‌మన్ తమిళంలో చెప్పేదాకా ఆమెకు ఏమీ అర్థం కాలేదు.

పక్కింటామె నిజంగానే అడిగిందా అని ఆ రోజు అతన్ని అడిగాను. "ఆమె నాతో ఎప్పుడణ్ణా మాట్లాడింది?" అన్నాడు. అప్పటినుంచి నేనూ సినిమా పేజీ చదువుతున్నాను.

వారంలోపల కొత్త మీటరు వచ్చింది. బిల్లు సరిచేస్తే సగానికి దిగింది. మీటరు లేకుండా ఆన్ చేసినందుకు నాకు మెమో కూడా వచ్చింది. దాన్ని ఇస్తూ ఆ అమ్మాయి బాధపడింది. నేను చదివి, అందులో రాసిన క్లాజు నంబరు తప్పని చెప్పి, సరైనది వేయించి, అప్పుడు సంతకం పెట్టాను.

మెమో సిరా ఆరకముందే తోడికోడలు ఆఫీసుకు వచ్చింది.

"ఆమె ఎన్ని పెట్టింది?"

"ఆరు అమ్మా."

"నాకు ఎనిమిది."

పెట్టాం. అవీ దక్షిణమే చూస్తాయి. అంటే పెద్దమ్మ ఇంటికి వాటి వీపులు కనపడతాయి. ఎందుకలా అని పెద్దమ్మ నన్ను అడగలేదు. ఆ వీపుల వైపు చూసి, "మనిషికి తగినట్టే ఉండాయి" అంది. నేను మాత్రం ఈసారి ఏ శాస్త్రమూ చెప్పలేదు. ఇద్దరిలో ఎవరి పక్షాన ఉండాలో తేలక మిగతా వీధి కూడా పెట్టుకుంది. పై ఆఫీసువాళ్లు మా ఇంజనీరమ్మాయిని మీటింగుకు పిలిచి, ఒక్క వీధి అంతా ఎలా చేయించారని అడిగారు. సబ్సిడీ, బ్యాంకు అప్పు, అవగాహన కార్యక్రమాలు అని చెప్పింది. అన్నీ నిజమే. ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వకపోతే ఎవరూ పెట్టేవాళ్లు కాదు. రుబ్బురోలు సంగతి రాయడానికి ఆ రిపోర్టులో గడి లేదు.

రిటైరయ్యాక కూడా ఆ వీధికి పోతుంటాను. నా మాట నిలిచింది కాబట్టి కాలు పెట్టవచ్చు. పోయిన వేసవిలో వెళ్లేసరికి పెద్దమ్మ మోకాళ్ల నొప్పులతో మిద్దె ఎక్కలేకపోతోంది. ప్యానెళ్ల మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుందని నేనే ఆవిడకు నేర్పాను. కొడుకులకు తీరిక లేదు. ఎవరు కడుగుతున్నారని అడిగాను. "కూచో తంబీ, వస్తాది చూడు" అంది.

కాసేపటికి దక్షిణం మిద్దె మీద కాకులతో మాటలు మొదలయ్యాయి. "ఏం దుమ్ము కాకీ ఇది! కొందరు కడుక్కోరు. ఆ దుమ్మంతా మన మీదికే దా వస్తాది." వెంటనే గొట్టంలోంచి నీళ్లు గోడ దాటి వచ్చి పెద్దమ్మ ప్యానెళ్ల మీద పడ్డాయి. ధార ఒక వరస పూర్తిగా తడిపి రెండో వరసకు పోయింది.

పెద్దమ్మ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కారే నీళ్లను చూస్తూ కూచుంది. ధార ఆగబోతుండగా తులసికోట వైపు తిరిగింది.

"తులసమ్మా, ఆ తూర్పు మూల ప్యానెలుకు సరిగా పడలేదని చెప్పు."

నీళ్లు తూర్పు మూలకు జరిగాయి.